ముందు చక్రం మొర

సంతలో మట్టికుండను బేరమాడే ఇల్లాలు ముందుగా దానిని వేలి కణుపుతో తట్టి చూస్తుంది. కుండ ఖంగుమని పలికితే డబ్బు తీస్తుంది. బొంగురుగా పలికితే, పైకి ఎంత నునుపుగా కనిపించినా, పక్కన పెడుతుంది. కంటికి అందని బీటను చెవి పట్టుకోగలదన్న ఎరుక ఏ గ్రంథమూ చదవని వారికి కూడా మన పల్లెలలో ఉన్నది. ఆస్ట్రియా దేశపు వైద్యుడు లియోపోల్డ్ ఔఎన్‌బ్రుగ్గర్ 1761లో రోగి రొమ్మును వేళ్ళతో తట్టి, ఆ ధ్వనిని బట్టి లోపలి జబ్బును గుర్తించే పద్ధతిని లోకానికి ప్రకటించాడు. ఆయన ఒక పూటకూటి ఇంటి యజమాని కుమారుడు. పీపాలను తట్టి అందులో ద్రాక్షసారా ఎంత మట్టానికి ఉన్నదో తెలుసుకొనే అలవాటే ఆయనకు ఈ మార్గం చూపిందని చెబుతారు. తరువాత 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంగా చుట్టి రోగి రొమ్ముపై ఆనించి గుండె చప్పుడు విన్నాడు. నేడు ప్రతి వైద్యుని మెడలోనూ కనిపించే స్టెతస్కోపుకు అదే మొదలు.

వైద్యుడు రొమ్మును విన్నట్లే మెకానిక్కు వాహనాన్ని వింటాడు. కాని వైద్యునికి గౌరవం దక్కిన ఈ విద్య, నూనె మరకల చొక్కాతో షెడ్డులో పనిచేసే మనిషి చేతిలో ఉన్నప్పుడు, అది విద్య అని గుర్తించేవారు తక్కువ. అంతకంటె విచారించవలసిన సంగతి మరొకటి ఉన్నది. వాహనం ముందు భాగంలో పుట్టే ధ్వని ఒక సాక్ష్యం. సాక్షి మాట పూర్తిగా వినకుండా తీర్పు చెప్పడం ఎటువంటిదో, ఆ ధ్వనిని సరిగా వినకుండా పానా చేతపట్టడం అటువంటిదే. మైదానపు రోడ్డు మీద దానివల్ల డబ్బు నష్టం. కొండదారిలో ప్రాణ నష్టం.

మూడు రాష్ట్రాల కూడలి

చిత్తూరు జిల్లాకు పడమటి కొసన, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు దగ్గరపడే చోట వెంకటగిరికోట ఉన్నది. జనుల వాడుకలో అది వి.కోట. నేతచీరలకు పేరుపడిన వెంకటగిరి వేరు, ఇది వేరు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా వచ్చే జాతీయ రహదారి ఈ ఊరిని దాటి కుప్పం మీదుగా కృష్ణగిరికి సాగిపోతుంది. పడమటికి పోతే కోలారు బంగారు గనుల సీమ. ఆగ్నేయంగా కొండదారి పట్టి దిగితే తమిళనాడులోని పేర్ణంబట్టు. ఇక్కడి మార్కెట్టు నుంచి టొమాటోలు, ఇతర కూరగాయలు బెంగుళూరు, చెన్నపట్నం వైపు తరలిపోతాయి. అందుచేత మూడు రాష్ట్రాల నంబరు పలకలూ ఈ వీధులలో పక్కపక్కనే కనిపిస్తాయి; తెలుగు, కన్నడ, తమిళం, ఉర్దూ నాలుగు భాషలూ ఒకే టీకొట్టు ముందు వినిపిస్తాయి.

ఈ సీమ సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైబడిన పీఠభూమి. పేర్ణంబట్టు దిగువన ఉన్నది. సరుకు ఎత్తిన వాహనం ఆ దారిన దిగేటప్పుడు బ్రేకు నొక్కిన ప్రతిసారీ బరువు ముందుకు ఒరుగుతుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ ఆ బరువు వెలుపలి వైపు చక్రం మీదికి మరలుతుంది. అంటే కొండదారిలో వాహనపు యోగక్షేమాలు ఒక్కొక్క క్షణం ఒకే ఒక ముందు చక్రం మీద, దానిని పట్టి ఉంచిన రెండు మూడు కీళ్ళ మీద ఆధారపడి ఉంటాయి. ఆ కీళ్ళు అరిగినప్పుడు చాలావరకు ముందుగానే మొర పెట్టుకుంటాయి. వినేవారు కావలె.

పొరుగున ఉన్న కోలారు గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడేనాటికి భూగర్భంలో మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు చేరినవి. గనిపనిలో పైకప్పు రాతిని గడ్డపారతో తట్టి వినడం ఏ దేశంలోనైనా మొదటి జాగ్రత్త. గట్టి రాయి గణగణలాడుతుంది. వదులైన రాయి డొల్లగా పలుకుతుంది. ఆ తేడా తెలియనివానికి గని లోపల బ్రతుకు లేదు. కొండదారిలో బండి నడిపేవాని పరిస్థితి కూడా దానికి భిన్నం కాదు.

బండి నుంచి మోటారు దాకా

ఎద్దులబండి కాలంలో చక్రం చేసే ధ్వనులు రెండు మూడే. ఇరుసు ఎండితే కిర్రుమనేది. కందెన పెడితే ఊరుకొనేది. చక్రం నడిమి రంధ్రం అరిగితే లొటలొటలాడేది. ఇరుసు కొసన ఉండే కడసీల ఊడితే చక్రమే ఊడి దారిన పడేది. బండివాడు ఈ మూడింటినీ నిద్రలో సైతం గుర్తుపట్టేవాడు.

మోటారు వచ్చిన తరువాత ఈ కుటుంబం పెరిగింది. లారీలకూ పాత జీపులకూ ముందు ఇరుసు మీద కమాన్ కట్టలు ఉంటాయి. చక్రం పక్కకు తిరగడానికి కింగ్ పిన్ అనే నిలువు కడ్డీ ఆధారం. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్ కారుకు ముందు చక్రాల కీళ్ళకు వేళకు గ్రీజు పట్టించడం తప్పనిసరి. పట్టించనివానికి ఆ కారు కిర్రుకిర్రుమని గుర్తు చేసేది. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డు మీదికి వచ్చినప్పుడు రెండు మార్పులు మన వీధులలో విరివిగా ప్రవేశించినవి. ఒకటి, ఇంజను శక్తి ముందు చక్రాలకే అందడం. రెండు, కమాన్ కట్టకు బదులు స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఒకటిగా అమరిన నిలువు స్తంభం. దీనిని స్ట్రట్ అంటారు. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫెర్సన్ రూపొందించిన ఈ ఏర్పాటు 1950లో బ్రిటన్‌లో తయారైన ఫోర్డు కార్లతో వ్యాప్తిలోకి వచ్చింది. ఆయన పేరిటనే అది నేటికీ చలామణి అవుతున్నది. కొత్త కీళ్ళతో పాటు కొత్త చప్పుళ్ళు వచ్చినవి. వాటిని వేరు చేసి చెప్పే మాటలు మాత్రం మన పాత భాషలోనే ఉన్నవి.

ఒకసారి ‘టక్’, పదేపదే ‘టకటక’

తెలుగు భాషలో ధ్వనిని అనుకరించే పదాలకు కొదువ లేదు. కిర్రు, కీచు, హోరు, రొద, గరగర, లొటలొట, టకటక, కటకట, దభీమని, గుయ్యిమని – ఇవన్నీ వ్యాకరణం చదివినవారు అనుకరణ శబ్దాలని పేర్కొనేవి. వీటిని కథలలో అలంకారానికి వాడే పదాలుగా మాత్రమే చూడడం మన అలవాటు. మెకానిక్కు ఎదుట నిలబడినప్పుడు ఇవే పనిముట్లు.

ఎట్లాగో చూడవచ్చు. “బండి ముందు ఏదో చప్పుడు వస్తున్నది” అని చెప్పేవాడు ఏమీ చెప్పనట్లే. “గతుకులో పడితే టక్కుమంటున్నది” అన్నవాడు ఒక కీలు వదులైన సంగతి చెప్పినవాడు. “చక్రం తిరిగినకొద్దీ టకటకలాడుతున్నది” అన్నవాడు, చక్రంతో పాటు తిరిగేది ఏదో దెబ్బతిన్నదని తెలిపినవాడు. పదం ఒకసారి పలికితే ఒక దెబ్బ. రెండుసార్లు కూడి పలికితే ఆవృత్తి. మన భాష ఈ భేదాన్ని పదనిర్మాణంలోనే ఇమిడ్చిపెట్టింది. తిరిగే వస్తువు తప్పు పదేపదే వినిపిస్తుంది. తిరగని వస్తువు తప్పు దెబ్బ తగిలినప్పుడే వినిపిస్తుంది. ముందు చక్రాల జబ్బును కనిపెట్టడంలో ఇది మొట్టమొదటి విభజన. ఈ ఒక్కటి సరిగా చెప్పగలిగితే సగం వెదుకులాట తప్పుతుంది.

తరువాత వచ్చే ప్రశ్న “ఎప్పుడు?” అన్నది. నేరుగా పోయేటప్పుడా, మలుపులోనా? వేగం పెరిగితే పెరుగుతున్నదా, లేక ఒకే తీరున ఉన్నదా? బ్రేకు నొక్కితే వస్తున్నదా, నొక్కితే ఆగుతున్నదా? ఖాళీ బండిలోనా, బరువు ఎత్తినప్పుడా? పొద్దున చలిలో మాత్రమేనా, వానలో తడిస్తే తగ్గుతున్నదా? మంచి మెకానిక్కు పానా తీయకముందే ఈ ప్రశ్నలన్నీ అడుగుతాడు. ఒక్కొక్క ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్కొక్క అనుమానితుణ్ణి విడుదల చేస్తుంది.

చెవిని పూర్తిగా నమ్మరాదన్నది కూడా ఇక్కడ తెలుసుకోవలె. గాలిలో ధ్వని సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఉక్కులో అయిదు వేల మీటర్లకు పైగా పోతుంది. ఎడమ చక్రం వద్ద పుట్టిన చప్పుడు ఉక్కు చట్రం వెంట పరుగెత్తి కుడి పక్కన డ్రైవరు కాళ్ళ వద్ద వినిపించవచ్చు. మన దేశంలో డ్రైవరు కుడివైపున కూర్చుంటాడు కనుక ఎడమ చక్రం మొర ఆయనకు ఆలస్యంగా చేరడం కూడా సహజం. అందుకే అద్దాలు దించి, పొడుగాటి ప్రహరీ గోడ పక్కన మెల్లగా నడిపి చూస్తారు. గోడ తగిలి తిరిగి వచ్చే ధ్వని ఆ వైపు చక్రాన్ని బయటపెడుతుంది.

హోరు ఎవరిది?

వేగంతో పాటు పెరిగే హోరు ఒకటి ఉన్నది. దానికి ఇద్దరు అనుమానితులు: టైరు, వీల్ బేరింగు. ఈ ఇద్దరి గొంతులూ దాదాపు ఒకటే. అందుచేత బేరింగు తప్పుకు కొత్త టైర్లు కొన్నవారూ, టైరు తప్పుకు బేరింగు మార్పించినవారూ ప్రతి ఊరిలోనూ ఉంటారు.

వీరిని వేరుచేసే ఉపాయం కష్టమైనది కాదు. టైరు హోరు రోడ్డును బట్టి మారుతుంది. గరుకు కంకర రోడ్డు మీద ఒక స్వరం, నున్నని తారు రోడ్డు మీద మరొక స్వరం పలుకుతుంది. బేరింగు హోరు రోడ్డు మారినా అంతగా మారదు. బరువు మారితే మారుతుంది. వాహనం కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రాల మీదికి ఒరుగుతుంది. అప్పుడు హోరు హెచ్చి, ఎడమకు తిరిగినప్పుడు తగ్గితే, ముందుగా చూడవలసినది ఎడమ బేరింగు. ఈ సూత్రం నూటికి నూరుపాళ్ళు నిలవకపోయినా మొదటి సూచనగా నమ్మదగినది. ముందు టైర్లను వెనుకకు, వెనుకవాటిని ముందుకు మార్చి చూడడం మరొక పరీక్ష. హోరు కూడా టైరుతో పాటు వెనుకకు పోతే బేరింగు నిర్దోషి.

బేరింగు కథ కూడా బండి ఇరుసు కథకు కొనసాగింపే. అమెరికాలో హెన్రీ టిమ్‌కెన్ అనే బండ్ల తయారీదారు 1898లో కోసుగా ఉండే ఉక్కు దొర్లుడు బిళ్ళల బేరింగుకు పేటెంటు పొందాడు. నిలువు బరువును, మలుపులో పక్కనుంచి వచ్చే తోపుడును రెండింటినీ అది మోయగలదు. లారీల ముందు చక్రాలలో ఈనాటికీ అదే జాతి బేరింగు. దాని నట్టు మరీ బిగిస్తే వేడెక్కి మాడుతుంది. మరీ వదిలితే చక్రం ఊగుతుంది. ఆ నట్టు తిరిగిపోకుండా అడ్డంగా దూర్చే చిన్న సన్నని పిన్ను – అదే ఈ కాలపు కడసీల. పేరు మారినా ధర్మం మారలేదు.

గతుకులలో, మలుపులలో

గతుకు మీద టక్కుమనే ధ్వనికి కారణాలు పలు విధాలు. మలుపులో వాహనం పక్కకు ఒరగకుండా రెండు ముందు చక్రాలను కలిపే ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. దాని కొసలలోని చిన్న లింకులు అరిగితే, మెల్లగా పోయేటప్పుడు చిన్న చిన్న రాళ్ళ మీద కూడా డొల్ల పెట్టెలో గోళీలు కదిలినట్లు వినిపిస్తుంది. ఇనుముకూ ఇనుముకూ మధ్య మెత్తగా ఉండవలసిన రబ్బరు తొడుగును బుష్షు అంటారు. చక్రాన్ని చట్రానికి కలిపే కింది చేయి బుష్షు చీలితే, బండి కదిలేటప్పుడు ఒకసారి, బ్రేకు నొక్కినప్పుడు మరొకసారి మందంగా ‘డక్’ మంటుంది. స్ట్రట్ తలవద్ద ఉండే బేరింగు పాడైతే, నిలిచిన బండిలో స్టీరింగు తిప్పినా స్ప్రింగు బిగుసుకొని ఒక్కసారిగా విడివడి ‘టంగ్’ మంటుంది.

కిర్రుమనే ధ్వని చాలావరకు ఎండిన రబ్బరుది, లేక కమాన్ పట్టీలు ఒకదానిపై ఒకటి రాసుకొనడంది. అనుమానమున్న బుష్షు మీద కాసిని నీళ్ళు చల్లి చూస్తారు. కాసేపు కిర్రు ఆగితే దొంగ దొరికినట్లే. నీళ్ళకు బదులు ఇంజను ఆయిలు పోసేవారు కూడా ఉన్నారు. అది తప్పు. ఖనిజ నూనె రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఈ రోజు ఊరుకున్న బుష్షు రేపు చీలిపోతుంది.

మారుతి వచ్చిన తరువాత మనకు అలవాటైన మరొక ధ్వని, పూర్తిగా స్టీరింగు తిప్పి వేగం ఇచ్చినప్పుడు వచ్చే ‘కటకటకట’. ఇంజను శక్తిని తిరిగే చక్రానికి అందించే సి.వి. జాయింటు అరిగినప్పుడు ఇది పుడుతుంది. దానిని కప్పి ఉంచే రబ్బరు సంచి చినిగి, గ్రీజు బయటికి చిమ్మి, దుమ్ము లోపలికి చేరడం దీనికి మూలం. వి.కోట చుట్టుపట్ల పొలాలకు పోయే ఎర్రమట్టి బాటలలో ఆ చిన్న సంచిని నెలకొకసారి చూసుకొనడం వివేకం. సంచి చినిగిన వెంటనే గ్రీజు నింపి కొత్త సంచి తొడిగితే కీలు దక్కుతుంది. కటకట వినిపించిన తరువాత కీలే మార్చవలె.

కీచుమనే ధ్వని సాధారణంగా బ్రేకుది. డిస్కు బ్రేకు ప్యాడు అరిగి హద్దు దాటగానే డిస్కును రాసుకొని కీచుమనేటట్లు కొన్ని ప్యాడులకు చిన్న రేకు అమర్చి ఉంటారు. అది తయారు చేసినవాడు కావాలని పెట్టిన హెచ్చరిక. దానిని పట్టించుకోకపోతే కీచు కాస్తా గరగర అవుతుంది. అప్పటికి ఇనుము ఇనుమును కోరుకుతున్నదన్నమాట. అయితే అన్ని గరగరలూ భయపడవలసినవి కావు. డిస్కుకూ దాని వెనుక రేకుకూ నడుమ చిక్కుకున్న చిన్న గులకరాయి కూడా చెవులు గింగురుమనేటట్లు అరుస్తుంది. రాయి తీసివేస్తే నిశ్శబ్దం. పెద్ద చప్పుడు పెద్ద జబ్బు కాకపోవచ్చుననీ, చిన్న ‘టక్’ వెనుక పెద్ద ఆపద దాగి ఉండవచ్చుననీ దీనివల్ల తెలుస్తున్నది.

చేతితో పరీక్ష

చెవి అనుమానిస్తుంది, చేయి నిర్ధారిస్తుంది. సమతలంగా ఉన్న చోట బండిని నిలిపి, వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ముందు చక్రాన్ని జాకీతో లేపి, చట్రం కింద గట్టి స్టాండు నిలపవలె. జాకీ ఒక్కదానిని నమ్మి బండి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం.

లేపిన చక్రాన్ని గడియారపు ముఖంగా భావించవలె. పన్నెండు, ఆరు అంకెలున్న చోట, అంటే పైనా కిందా పట్టుకొని ముందుకు వెనుకకు ఊపి చూడవలె. ఊగితే బేరింగు గాని బాల్ జాయింటు గాని వదులైనది. బాల్ జాయింటు అంటే గుండ్రని తల గల ఉక్కు కాడ గిన్నె వంటి గుంటలో తిరిగే కీలు. మనిషి తుంటి కీలు వంటిది. ఈ రెండింటిలో ఏది? మరొకరిని బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమని, మళ్ళీ ఊపవలె. ఊగడం ఆగిపోతే తప్పు బేరింగుది. ఆగకపోతే బాల్ జాయింటుది, లారీ అయితే కింగ్ పిన్నుది. తొమ్మిది, మూడు అంకెల చోట పట్టుకొని పక్కలకు ఊపినప్పుడు మాత్రమే ఆట కనిపిస్తే, స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ కొసను చూడవలె. ఆపై ఒక చేయి స్ప్రింగు మీద ఉంచి, రెండవ చేతితో చక్రాన్ని తిప్పితే, పాడైన బేరింగు సన్నని గరుకుదనం అరచేతికి తెలుస్తుంది.

ఇందులో ఇమిడి ఉన్న న్యాయం ఒక్కటే. ఒకసారికి ఒకే ఒక పరిస్థితిని మార్చవలె. ఏది మార్చితే ధ్వని మారిందో దానిని గుర్తుంచుకోవలె. నాలుగు భాగాలు ఒకేసారి మార్చినవానికి చప్పుడు ఆగితే ఆగవచ్చును గాని, దోషి ఎవరో జన్మలో తెలియదు. మంచి భాగాలు మూడు చెత్తలోకి పోతాయి. నాలుగింటి ఖరీదూ వాహనం మీదనే బ్రతికే సంసారం భరించవలసి వస్తుంది.

మోటారు సైకిలు, మోపెడు ఉన్నవారికి కూడా ఇదే పద్ధతి. వి.కోటకు అంత దూరం కాని హోసూరులో 1980లో తయారీ మొదలైన టి.వి.ఎస్. 50 మోపెడు పల్లెపల్లెకూ చేరినది. దానివంటి బండ్లలో హ్యాండిలు మెడవద్ద తిరిగే గోళీల అమరికను కోన్ సెట్ అంటారు. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకు వెనుకకు తోస్తే మెడవద్ద ‘టక్’ మని చేతికి తెలిసిందంటే కోన్ సెట్ వదులైనది. ముందు చక్రాన్ని నేలనుంచి లేపి హ్యాండిలును మెల్లగా తిప్పినప్పుడు నడిమిన గాటులో పడినట్లు ఆగితే, అది గుంటలు పడి అరిగినది.

ఆగగలది, ఆగరానిది

ఇక్కడ వాహనదారుడు మనసులో ముద్ర వేసుకోవలసిన విభజన ఒకటి ఉన్నది. లింకుల లొటలొట, ఎండిన బుష్షు కిర్రు, స్ట్రట్ తల టంగుమనడం – ఇవి కొద్ది రోజులు ఆగగలవు. బాల్ జాయింటు, టై రాడ్ కొస, ఊగే బేరింగు, ఇనుము కోరుకుతున్న బ్రేకు, వదులైన వీల్ నట్లు – ఇవి ఒక్క ప్రయాణం కూడా ఆగరానివి. బాల్ జాయింటు గిన్నెలోనుంచి ఊడితే ఆ చక్రం అడ్డం తిరిగి మడత పడుతుంది. స్టీరింగు డ్రైవరు చేతిలోనే ఉంటుంది గాని బండి ఆయన మాట వినదు. టైరు మార్చిన తరువాత మెల్లగా పోయేటప్పుడు చక్రం చుట్టుకొకసారి డక్కుమని వినిపిస్తే, అక్కడికక్కడే ఆపి నట్లు చూడవలె. ఇంటికి పోయి చూద్దామన్నది ఆ క్షణంలో అనరాని మాట.

చప్పుడు ఆగడం వేరు, జబ్బు తగ్గడం వేరు. అరిగిన కీలుకు గ్రీజు దట్టిస్తే కొన్నాళ్ళు గొంతు పెగలదు. అరుగుదల మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. షాక్ అబ్జార్బరు నూనె కారి నిర్జీవమైపోయినా ఒక్కొక్కసారి ఏ చప్పుడూ చేయదు. బండి ముందు మూలను గట్టిగా అదిమి వదిలినప్పుడు అది ఒకటి రెండు ఊపులలో కుదురుకోకుండా పడవ వలె ఊగితే గాని దాని సంగతి బయటపడదు. పాటల శబ్దం హెచ్చించి చక్రం మొరను వినకుండా పోయే అలవాటు అన్నింటికంటె చెడ్డది.

తరగతి గదిలో

ఈ విద్యను షెడ్డు గోడల మధ్యనే ఉంచవలసిన అవసరం లేదు. ఉపాధ్యాయులు దీనిని గణితానికీ, భౌతికశాస్త్రానికీ, భాషకూ ఒకేసారి పాఠంగా వాడుకోవచ్చు. 60 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రం చుట్టుకొలత సుమారు 188 సెంటీమీటర్లు. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకండుకు 10 మీటర్లు. అంటే ఆ చక్రం సెకండుకు అయిదు చుట్లకు కొంచెం పైగా తిరుగుతుంది. టైరు గాడిలో ఒక రాయి చిక్కుకుంటే సెకండుకు అయిదు టిక్కులు వినిపించవలె; వేగం సగమైతే టిక్కులు కూడా సగమవవలె. టిక్కులు ఈ లెక్కకు లొంగితే అది చక్రంతో పాటు తిరిగే వస్తువుది. లొంగకపోతే మరొక దానిది. పలకమీద చేసే గుణకారం నడిచే బండి రహస్యాన్ని విప్పడం ఏ పిల్లవానికైనా ఉత్సాహం కలిగిస్తుంది.

భాషోపాధ్యాయునికి ఇందులో మరింత పని ఉన్నది. “ఏదో చప్పుడు” అనే మాటతో తృప్తిపడని పిల్లవాణ్ణి తయారు చేయడం సామాన్యమైన సేవ కాదు. ఏ ధ్వని, ఎప్పుడు, ఎక్కడ, దేనితో పెరిగి దేనితో తగ్గుతున్నది అని క్రమంగా చెప్పగలిగిన విద్యార్థి రేపు వైద్యుని ఎదుట తన తల్లి నొప్పిని కూడా అంత స్పష్టంగానే చెప్పగలడు. మాట ఖచ్చితంగా ఉండడమంటే ఆలోచన ఖచ్చితంగా ఉండడమే.

పిల్లలను ఎక్కించుకొని బడికి పోయే ఆటోలూ, వ్యానులూ ప్రతి ఉదయం మన కళ్ళ ముందే పోతున్నవి. వాటిలో కూర్చున్న పిల్లలకు డ్రైవరుకు వినపడని చప్పుడు వినిపించవచ్చు. ఎడమ చక్రానికి దగ్గరగా కూర్చున్నవారు వారే కనుక. “అన్నా, మలుపు తిరిగినప్పుడల్లా ఇటువైపు కటకటమంటున్నది” అని ఒక పిల్లవాడు చెప్పగలగవలె. ఆ మాటను చిన్నపిల్లల మాటగా తోసివేయకుండా డ్రైవరు బండి ఆపి చూడగలగవలె. చక్రం తన బాధను తనకు చేతనైన భాషలో చెబుతూనే ఉంటుంది. దానిని మన భాషలోకి సరిగా తెచ్చి, సరియైన మనిషికి, సమయం మించకముందే అందించడం మనుషుల పని.